హాల్లోకి కొత్త స్పీకర్లు: టవర్లా, చిన్న బాక్సులా?

రాజమండ్రి_రాగం
మా నాన్నగారి స్పీకర్లకు రోజులు దగ్గర పడ్డట్టున్నాయి. 1992లో కొన్నవి, 8 అంగుళాల వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్), చెక్క బాక్సులు. పోయిన వారం ఎడమవైపు దాంట్లోంచి గరగర మొదలైంది. ముందున్న గుడ్డ జాలీ ఊడదీసి చూస్తే, కోన్ (ఊగుతూ శబ్దం చేసే గరాటులాంటి భాగం) చుట్టూ ఉండే ఫోమ్ అంచు సగం దాకా చిరిగిపోయి ఉంది. వేలితో ముట్టుకున్నానో లేదో, కొంత కాటుకలా వేలికి అంటుకుంది, మిగతాది పొడిగా రాలిపోయింది. నాన్నగారు పోయి నాలుగేళ్లయింది. ఆ బాక్సులు మోగుతుంటే ఆయన పక్క గదిలో ఉన్నట్టే ఉంటుందని అమ్మ అంటూ ఉండేది. వారం నుంచి హాలు మూగబోయింది.

యాంప్ (స్పీకర్లకి పవర్ ఇచ్చే యాంప్లిఫైయర్) బాగానే ఉంది. రెండు చానెళ్లది, చానెల్‌కి 40 వాట్లు. హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, పైకప్పు 10 అడుగులు. కింద విట్రిఫైడ్ టైల్స్. కుడిచేతి వైపు బాల్కనీకి పెద్ద గాజు తలుపు, ఎడమవైపు ఉత్త గోడ. సినిమాల కోసం కాదు, పాటలకే. పొద్దున కర్ణాటక కచేరీలు, రాత్రి ఘంటసాల, నేనొక్కణ్ణే ఉన్నప్పుడు ఎనభైల నాటి ఇళయరాజా. స్పీకర్లకు మాత్రమే 60 వేలు పక్కన పెట్టాను.

షాపులో నడుమెత్తు టవర్లు వినిపించారు. బేస్ గుండెలకు తగిలింది. "మీ హాలుకి ఇవే సార్, చిన్న బాక్సులు పెడితే బేస్ ఉండదు" అన్నాడు. ఇంటికొచ్చాక టెన్షన్ పట్టుకుంది. ఇంత డబ్బు మళ్లీ మళ్లీ పెట్టలేను. మీరైతే ఏది తీసుకుంటారు?

కోఠీ_కుర్రోడు
టవర్లే తీసుకోండి అన్నా. మూడేళ్లుగా వాడుతున్నా, ఒక్కరోజు కూడా ఎందుకు కొన్నానా అనిపించలేదు. స్టాండ్ల ఖర్చు కూడా తప్పుతుంది.

సర్క్యూట్_సుబ్బారావు
సలహాలు మొదలయ్యే ముందు మూడు సంగతులు చెప్పండి. స్పీకర్లు గోడకి ఎంత ఎడంగా పెట్టగలరు? మీరు కూర్చునే సోఫా వెనక గోడకి ఆనుకుని ఉందా? యాంప్ వెనక స్పీకర్ వైర్లు బిగించేచోట ఎన్ని ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) అని రాసి ఉంది?

రాజమండ్రి_రాగం
టీవీ యూనిట్‌కి చెరోవైపు పెడతాను, అది 12 అడుగుల గోడ. గోడకి 8 అంగుళాల ఎడం. మహా అయితే ఒకటిన్నర అడుగు ముందుకు లాగొచ్చు. సోఫా ఎదురు గోడకి పూర్తిగా ఆనుకుని ఉంది. యాంప్ మీద "8 నుంచి 16 ఓమ్స్" అని ఉంది.

సర్క్యూట్_సుబ్బారావు
అయితే షాపతను చెప్పింది ఆ షాపు గదికి నిజం, మీ హాలుకి కాదు.

కింది స్వరాల అలలు చాలా పొడుగ్గా ఉంటాయి. 40 హెర్ట్జ్ (సెకనుకి 40 ఊపులు) అల పొడవు దాదాపు 28 అడుగులు. ఒక గోడకీ ఎదురు గోడకీ మధ్య సరిగ్గా సగం అల ఇమిడే చోట ఆ స్వరం గదిలో నిలిచిపోయి ఉబ్బుతుంది. ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు. దాన్ని గది పొడవుకి రెండింతలతో భాగిస్తే ఆ స్వరం తెలిసిపోతుంది. మీ 16 అడుగుల పొడవుకి 35 హెర్ట్జ్, 12 అడుగుల వెడల్పుకి 47, పదడుగుల ఎత్తుకి 56. ఏ కంపెనీ స్పీకర్ పెట్టినా ఈ మూడూ మీ హాలువే. స్పీకర్ మార్చితే పోవు.

ఈ ఉబ్బు అన్నిటికంటే ఎక్కువగా వినపడేది గోడల దగ్గరే. మీరు కూర్చునేది సరిగ్గా అక్కడే. ఆ సోఫాలో కూర్చుని పెద్ద టవర్లు వింటే ఇళయరాజా పాటలో బేస్ గిటార్ ఒక్కో స్వరం విడివిడిగా వినపడదు. కొన్ని స్వరాలు బండ దొర్లినట్టు, కొన్ని అసలు లేనట్టు ఉంటాయి.

చిన్న బాక్సు 50, 60 హెర్ట్జ్ దగ్గర తగ్గడం మొదలుపెడుతుంది. గోడ దగ్గరుంటే ఆ తగ్గిన దాంట్లో కొంత గోడే తిరిగిస్తుంది. కాబట్టి మీ హాల్లో చిన్న బాక్సుకి బేస్ లేకపోవడం అన్నది మీరనుకున్నంత జరగదు. ముందు సోఫాని రెండడుగులు ముందుకు జరిపి, పాత వాటిలో బాగున్న కుడి బాక్సు ఒక్కటే పెట్టి వినండి. రూపాయి ఖర్చు లేని పని.

బెజవాడ_బాబాయ్
సుబ్బారావు గారు చెప్పిందానికి నేనే సాక్ష్యం. మా గది 11 బై 11, నలుచదరం. పొడవుకీ వెడల్పుకీ ఒకటే లెక్క కదా, రెండు ఉబ్బులూ ఒకేచోట కలిసి కూర్చున్నాయి. దాంట్లోకి టవర్లు తెచ్చాను. మొదటి వారం ఇంటికొచ్చిన ప్రతివాడికీ వినిపించాను. రెండో నెలకి తలనొప్పి. మృదంగం మోగితే మంచం కింద ఎవరో పెట్టె జరిపినట్టు ఉండేది. కొన్న షాపుకి వెళ్తే "వాడగా వాడగా సర్దుకుంటాయి సార్" అన్నారు. ఆరు నెలలు సర్దుకుంటాయని చూశాను. చివరికి కొన్న ధరలో సగానికి అమ్మేశాను. గది కొలతలు అడగకుండా స్పీకర్ అమ్మేవాళ్లంటే అప్పట్నుంచీ నాకు కోపం.

కోఠీ_కుర్రోడు
బాబాయ్, మీది పడకగది. అన్నవాళ్లది హాలు. తేడా లేదా?

నా హాలు 14 బై 22, వంటగది వైపు గోడే లేదు. టవర్లు గోడకి రెండున్నర అడుగులు ముందుకున్నాయి. అక్కడ చిన్నవి పెడితే నిజంగానే పీలగా ఉంటుంది, పెట్టి చూశాను కాబట్టే చెప్తున్నా. బేస్ ఎక్కువైతే బాక్సు వెనక బేస్ గాలి బయటికొచ్చే గొట్టంలో స్పాంజి కుక్కితే తగ్గుతుంది. చాలా కంపెనీలు స్పాంజి ముక్కలు బాక్సుతోనే ఇస్తాయి.

సర్క్యూట్_సుబ్బారావు
కుర్రోడు గారి హాలుకి టవర్లు సరైనవే, అందులో తేడా లేదు. 22 అడుగులకి లెక్కే మారిపోతుంది, పైగా ఒక గోడ లేదు. నేనన్నది ఈ 12 బై 16కి, ఈ సోఫాకి మాత్రమే. స్పాంజి సంగతి కూడా నిజం. కానీ పైడబ్బు పెట్టి బేస్ కొని, దాన్ని స్పాంజితో మూయడం ఎందుకు?

పాతరేడియో
వెనక గొట్టం ఉన్నవి వద్దు, ముందు గొట్టం ఉన్నవి తీసుకోండి. అప్పుడు గోడకి ఆనించినా ఏం కాదు.

సర్క్యూట్_సుబ్బారావు
అందరూ అనే మాటే, సగమే నిజం. బేస్ బాక్సు చుట్టూ అన్నివైపులకీ పోతుంది, గొట్టం ఎటు తిరిగి ఉన్నా గోడకి తగిలి వెనక్కొస్తుంది. ముందు గొట్టం వల్ల గాలి ఆడటానికి అడ్డు లేకుండా ఉంటుంది, అంతే. 8 అంగుళాల ఎడం ఎలాంటి బాక్సుకైనా తక్కువే. ఒకటిన్నర అడుగు లాగగలిగితే లాగండి.

మీటు
నేను ముప్పై ఏళ్లుగా పిల్లలకి వీణ నేర్పుతున్నాను. హెర్ట్జ్ లెక్కలు నా పని కాదు, కానీ స్పీకర్ వినడానికి వెళ్తే ఏం పట్టుకెళ్లాలో చెప్పగలను.

ఒక సోలో వీణ రికార్డింగు తీసుకెళ్లండి. తీగ మీటినప్పుడు ముందు మీటు తగిలే చిన్న "టిక్" వినపడాలి, దాని వెంటే గుండ్రటి నాదం రావాలి. ఆ టిక్ ఒక్కటే సూదిలా పొడిస్తే ఆ స్పీకర్ పైస్థాయి ఎక్కువ చేస్తోంది. టిక్కే లేకపోతే వీణ మీద దుప్పటి కప్పినట్టు. తర్వాత గమకం వినండి. ఒకే మెట్టు మీద తీగ లాగుతుంటే స్వరం జారుతూ పైకి పోతుంది. పోయేటప్పుడు ఒకచోట ఉబ్బి ఇంకోచోట సన్నబడితే, ఆ వైణికుడు అలా వాయించలేదు, స్పీకర్ అలా చేస్తోంది. మంచి స్పీకర్లో గమకం నూనె ధారలా సాగుతుంది.

మృదంగానికి ఎడమవైపు తొప్పి చూడండి. రవ్వ పూసిన వైపు అది. గుంకీ (అరచేతిని తొప్పి మీద ఒత్తి జరిపే దెబ్బ) వేసినప్పుడు స్వరం కిందనుంచి పైకి లేస్తుంది. అది లేవడం తెలియాలి. ఊరికే "ధబ్" అని ఒకే దెబ్బ వినపడితే మంచి బేస్ కాదు, ఎంత గట్టిగా ఉన్నా సరే. చివరగా తంబుర. నాలుగు తీగల మీద పైన ఒక మెరుపు తిరుగుతూ ఉంటుంది. అది వినపడక, ఊరికే రొదలా ఉంటే ఆ స్పీకర్ ఇంటికి తేకండి.

రాజమండ్రి_రాగం
అమ్మకి మీ పోస్టు చదివి వినిపించాను. "గుంకీ సంగతి మీ నాన్న కూడా ఇలాగే చెప్పేవారు" అంది. ధన్యవాదాలండి.

సోఫా జరిపాను. కుడి బాక్సు ఒక్కటే పెట్టి విన్నాను. నిజంగానే తేడా ఉంది, మగగొంతు కింద ఉండే హోరు తగ్గింది. కానీ సోఫా వెనక రెండడుగుల ఖాళీలో మా అబ్బాయి క్రికెట్ మొదలెట్టాడు.

బెజవాడ_బాబాయ్
ఆడుకోనివ్వండి. వెనక గోడకి బంతి తగలకుండా ఒక పుస్తకాల అలమర పెట్టండి, సౌండుకీ మంచిదే.

డాలస్_తమ్ముడు
నేను డిసెంబర్‌లో ఇండియా వస్తున్నా. ఇక్కడ చాలా మోడళ్లు అక్కడికంటే చవక. ఎవరికైనా కావాలంటే చెప్పండి. పాసివ్ స్పీకర్లయితే కరెంటు గొడవ ఉండదు, యాంప్ నుంచి వైరే కదా. యాంప్ లోపలే ఉండే యాక్టివ్ స్పీకర్లతోనే జాగ్రత్త. ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. వెనక వోల్టేజి మార్చే స్విచ్చో, 100-240 వోల్టులన్న ముద్రో లేకపోతే ప్లగ్ పెట్టగానే పోవచ్చు.

పాతరేడియో
డాలస్ గారూ, మనసు మంచిదే కానీ ఆలోచించమనే చెప్తాను. మా బావమరిది ఒక జత తెచ్చాడు. విమానం సామానులో ఒక బాక్సు మూల నలిగి ట్వీటర్ (పైస్వరాలు పలికే చిన్న స్పీకర్) లోపలికి పోయింది. ఇక్కడి డీలర్ వారంటీ లేదన్నాడు. కస్టమ్స్ సుంకం, బాగు చేయించిన ఖర్చు కలిపితే ఇక్కడ కొన్నదానికంటే ఎక్కువైంది. పైగా తెచ్చాక మన గదిలో నచ్చకపోతే తిరిగిచ్చే దారి లేదు.

డాలస్_తమ్ముడు
నచ్చకపోతే అన్న సంగతి నేను ఆలోచించలేదు. నిజమే.

హారన్_హరి
40 వాట్ల యాంపే కాబట్టి సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క) ఎక్కువున్నవి చూడండి. క్లిప్ష్ ఆర్‌పీ-600ఎమ్ కంపెనీ లెక్కలో 96 డెసిబెల్స్. కెఫ్ క్యూ150 అయితే 86. పది డెసిబెల్స్ తేడా అంటే అంతే గట్టిగా వినడానికి పదింతల పవర్ కావాలి. మీ 40 వాట్లు సరిపోవు.

సర్క్యూట్_సుబ్బారావు
పదింతలన్న లెక్క సరైనదే. సరిపోవన్న మాట మాత్రం కాదు. 86 డెసిబెల్స్ అంటే ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో వచ్చే శబ్దం. సోఫా జరిపాక వీళ్లు కూర్చునేది పది, పదకొండు అడుగుల దూరంలోనే. రెండు స్పీకర్లూ, గది ప్రతిధ్వనీ కలుపుకుంటే ఒక్క వాట్‌కే అక్కడ 80 దాటుతుంది. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 దగ్గర. 40 వాట్లంటే దానిమీద ఇంకో 16 డెసిబెల్స్. ఫ్లాట్‌లో అంత పెడితే కిందింటివాళ్లు పైకొస్తారు.

నేను చూసేది ఓమ్స్. కెఫ్ క్యూ150 మీద 8 అని ఉంటుంది, కానీ కొన్ని స్వరాల దగ్గర 3.7కి పడుతుందని కంపెనీయే చెప్తుంది. ఎలాక్ డెబ్యూ బీ6.2 అయితే 6 ఓమ్స్ అని నేరుగా రాస్తుంది. మీ పాత యాంప్ 8కి తక్కువ వద్దంటోంది. ఇంట్లో వినే వాల్యూమ్‌లో భయం లేదు, నేనూ అలా వాడాను. వాల్యూమ్ మూడొంతులు దాటించి గంటలు గంటలు వాడకండి. పైమూత మీద చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి నిలవనంత వేడెక్కితే తగ్గించండి.

హారన్_హరి
సరే, పవర్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ హారన్ ట్వీటర్‌లో (బూరలాంటి నోరున్న ట్వీటర్) నాదస్వరం వినండి ఒకసారి. గుడిలో ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుంది.

మీటు
హరి గారూ, మీ మాట కాదనను, మా తమ్ముడింట్లో విన్నాను, నాదస్వరం అద్భుతం. అదే ఇంట్లో పాత ఘంటసాల పాట పెడితే "స" అక్షరం వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుకుంది. వీళ్లది టైల్స్ నేల, గాజు తలుపు. రోజూ వినేది పాత రికార్డింగులు. అది చూసుకోవాలి.

హారన్_హరి
మా ఇంట్లో నేలంతా తివాచీ, మూడు గోడలకి దళసరి కర్టెన్లు. తేడా అక్కడే ఉందేమో.

కోఠీ_కుర్రోడు
వైర్ ఏది వాడాలో కూడా చెప్పండి ఎవరైనా. నాకు మీటరు మూడు వేలది అంటగట్టబోయారు.

సర్క్యూట్_సుబ్బారావు
రాగి తీగ, 1.5 లేదా 2.5 చదరపు మిల్లీమీటర్లు. అయిదు మీటర్ల దూరానికి 1.5 మందం వైరు, పోను రాను కలిపి 0.12 ఓమ్ దాటదు. ఎనిమిది ఓమ్స్ ముందు అది లెక్కలోకి రాదు. ఆ డబ్బు స్టాండ్లకి పెట్టండి. ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి పడేలా మాత్రం చూసుకోండి. ఒక బాక్సుకి తిరగబడితే బేస్ మాయమై, గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు.

పాతరేడియో
మన దేశపువి ఎవరూ చెప్పట్లేదే. కోల్‌కతా సోనోడైన్ వాళ్లు దశాబ్దాలుగా చేస్తున్నారు. మా ఇంట్లో ఒక జత ఇప్పటికీ మోగుతోంది. స్పేర్ పార్టు కావాలంటే దేశం దాటక్కర్లేదు.

అర్ధరాత్రి_శ్రోత
ఇన్ని రోజులుగా చదువుతున్నా, ఒక మాట ఎవరూ అనలేదని రాస్తున్నా. వినేటప్పుడు కళ్లకి కనపడకుండా వినండి. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు ఇదే పరీక్షించారు. అవే స్పీకర్లు, వినేది అవే మనుషులు. చూస్తూ వేసిన మార్కులు వేరు, తెర వెనక పెట్టి వినిపిస్తే వేసిన మార్కులు వేరు. పెద్దది, ఖరీదైనది కంటికి కనపడితే చెవి దానివైపు మొగ్గుతుంది.

ఇంకొకటి, రెండిటి వాల్యూమ్ సమానంగా ఉండాలి. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. షాపులో అమ్మాలనుకున్న జత రవ్వంత ఎక్కువ పెట్టడం నేను కళ్లారా చూశాను. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని సోఫాలో మీ తల ఉండేచోట చూసుకోండి. అంకె నిక్కచ్చిగా ఉండక్కర్లేదు, రెండిటికీ ఒకటే వస్తే చాలు.

రాజమండ్రి_రాగం
ఇంటికి తెచ్చి వినిపించే డీలర్ దొరుకుతాడా అసలు?

బెజవాడ_బాబాయ్
అడిగితే దొరుకుతారు. డబ్బు అడ్వాన్సు కడతానని చెప్పండి, డెమో జత అడగండి, సీలు విప్పనిది కాదు. నలుగురిని అడిగితే ఒకరైనా ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ల దగ్గర నేనైతే కొనను.

రాజమండ్రి_రాగం
పదహారు రోజులు పట్టింది. ముగ్గురు కుదరదన్నారు, నాలుగో ఆయన రెండు జతలు శనివారం తెచ్చి సోమవారం తీసుకెళ్తానన్నారు. కెఫ్ క్యూ150, వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1. రెండూ చిన్న బాక్సులే.

అర్ధరాత్రి గారు చెప్పినట్టే చేశాం. టీవీ యూనిట్ ముందు అమ్మ పాత నేత చీర ఒకటి తాడు కట్టి వేలాడదీశాం. పల్చటిది, శబ్దానికి అడ్డం రాదు. మా ఆవిడ వైర్లు మార్చేది. ఏది మోగుతోందో నాకూ అమ్మకీ తెలియదు. ఒకదాన్ని ఎర్రది, రెండోదాన్ని పచ్చది అనుకుని కాగితం మీద రాసుకున్నాం.

వీణలో రెండూ బాగున్నాయి. గమకం రెండిట్లోనూ సాఫీగా సాగింది. గొంతు నిలబడే చోటు మాత్రం ఎర్రదాంట్లో ఎక్కువ ఖాయంగా ఉంది. సోఫాలో ఆ చివరికి జరిగినా పాట చెదరలేదు. తర్వాత చూస్తే అది కెఫ్. ఘంటసాల పాతపాటలకి వచ్చేసరికి ఇద్దరం పచ్చది రాశాం. రికార్డు గీతల చప్పుడు వెనక్కి పోయి గొంతు ముందుకొచ్చింది. అమ్మ కాగితం మీద రెండే మాటలు రాసింది: "పచ్చది. దగ్గరగా."

ఇక్కడొక సంగతి అడగాలి. రెండు జతల్లోనూ గొంతు మధ్యలో కాకుండా కాస్త కుడివైపుకి లాగుతోంది. పాత పాటలన్నీ మోనోనే (రెండు బాక్సుల్లోనూ ఒకటే శబ్దం) కదా, సరిగ్గా మధ్యలో ఉండాలి కదా?

సర్క్యూట్_సుబ్బారావు
రెండు జతల్లోనూ అలాగే ఉందంటే స్పీకర్లది కాదు. ఎడమ, కుడి వైర్లు యాంప్ దగ్గర అటుదిటు మార్చండి. లాగడం ఎడమకి మారితే తప్పు యాంప్‌లో. కుడివైపే ఉండిపోతే మీ గాజు తలుపు.

రాజమండ్రి_రాగం
మార్చాను. కుడివైపే ఉంది.

సర్క్యూట్_సుబ్బారావు
గాజే. కుడి స్పీకర్ నుంచి నేరుగా వచ్చేదాని వెంటే గాజుకి తగిలిన శబ్దం కూడా వస్తోంది. తలుపుకి ఎంత దూరంలో ఉంది ఆ స్పీకర్? ఎడమది గోడకి ఎంత దూరం?

రాజమండ్రి_రాగం
కుడిది తలుపుకి ఒక అడుగు. ఎడమది గోడకి మూడడుగులు. టీవీ యూనిట్ ఒక పక్కకి ఉంది.

బెజవాడ_బాబాయ్
దొరికాడు దొంగ.

సర్క్యూట్_సుబ్బారావు
రెండూ పక్కగోడలకి సమానంగా ఉండేలా యూనిట్ జరపండి. గాజుకి దళసరి కర్టెను వేయండి, పాట వినేటప్పుడు మూయండి. స్పీకర్ల ముఖం కొంచెం మీవైపు తిప్పండి. మీ తలా, రెండు స్పీకర్లూ మూడు మూలలుగా, మూడు దూరాలూ ఇంచుమించు సమానంగా రావాలి. ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి, సోఫాలో కూర్చుంటే నేల నుంచి మూడడుగులు ఉంటుంది. గదిలో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. చప్పట్ల వెనక "ట్రర్ర్" అని తోక వినపడితే అది గోడల మధ్య శబ్దం బంతిలా తిరగడం.

మీటు
నేల మీద వరంగల్ డర్రీ వేయండి. స్పీకర్లకీ సోఫాకీ మధ్య, సగం దారిలో. మా పాఠాల గదిలో అదే ఉంది. ఎడమ గోడకి బొంత వేలాడదీసినా పనిచేస్తుంది. పాత చీరలతో కుట్టిన మందపాటి బొంతకి మించింది లేదు, నేను గోడకి వేసి చూసి చెప్తున్నాను.

కోఠీ_కుర్రోడు
స్టాండ్లు ఎక్కడా కొనకండన్నా. వెల్డింగ్ షాపులో చేయించుకోండి. చదరపు ఇనుప గొట్టం, కింద మందమైన రేకు, పైన చిన్న రేకు. గొట్టం వేలి కణుపుతో కొడితే గంటలా మోగుతుంది. దాంట్లో ఎండబెట్టిన ఇసుక నింపండి, "టప్" అని ఆగిపోతుంది. ఇసుక తడిగా ఉంటే లోపల తుప్పు పడుతుంది, రెండ్రోజులు ఎండలో వేయండి. నా టవర్లకి ముందు వాడిన స్టాండ్లు అలాగే చేయించా.

డాలస్_తమ్ముడు
టవర్ల పార్టీ నుంచి స్టాండ్ల సలహా వచ్చిందంటే ఈ చర్చ తేలినట్టే.

కోఠీ_కుర్రోడు
అన్న హాలుకి చిన్నవే సరైనవి. నా హాలుకి నావే.

రాజమండ్రి_రాగం
పచ్చది తీసుకున్నాను. యూనిట్ జరిపాను, కర్టెను కుట్టించాను, డర్రీ వచ్చింది. కుర్రోడు గారు చెప్పినట్టే స్టాండ్లు చేయించాను. బడ్జెట్లో ఇంకా మిగిలింది. నిన్న రాత్రి ఘంటసాల గొంతు రెండు బాక్సుల మధ్య, టీవీ మీద రెండు జానల ఎత్తులో నిలబడింది. మా అబ్బాయి లేచి వెళ్లి టీవీ వెనక చూసొచ్చాడు.

ఇప్పుడు నాన్నగారి బాక్సుల సంగతి. పాతసామాన్లవాడికి ఇవ్వడానికి నాకు మనసొప్పట్లేదు. అమ్మ గదిలో పెడదామని ఉంది. బాగవుతాయా?

పాతరేడియో
ఎందుకు కావు? పోయింది ఫోమ్ అంచు ఒక్కటే. అది మన ఎండకీ తేమకీ పదిహేనేళ్లకే కరిగిపోతుంది, మీది ముప్పై ఏళ్లు ఆగడమే గొప్ప. ముందొక పరీక్ష చేయండి. రెండు చేతుల వేళ్లు కోన్ మీద అటూ ఇటూ సమానంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. లోపల గీరుకునే చప్పుడు లేకపోతే కాయిల్ (కోన్ వెనక ఉండే తీగచుట్ట) బాగుంది. అప్పుడు కొత్త అంచు అంటిస్తే చాలు. గీరుకుంటే రీకోనింగ్ (కోన్, కాయిల్ కలిపి మార్చడం) చేయించాలి. కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి, బెజవాడలో, మీ ఊళ్లో కూడా సౌండ్ సర్వీసు వాళ్లకి స్పీకర్లు బాగుచేసేవాళ్లు ఉంటారు. ఈసారి ఫోమ్ వద్దు, రబ్బరు అంచు దొరుకుతుందేమో చూడండి, ఎక్కువ కాలం ఉంటుంది. కాకపోతే మరీ బిరుసుగా ఉన్న రబ్బరు వేస్తే బేస్ మారిపోతుంది, మెత్తటిది అడగండి.

రాజమండ్రి_రాగం
నొక్కి చూశాను. రెండూ మెత్తగా వెళ్లొస్తున్నాయి, చప్పుడు లేదు. 8 అంగుళాలది అని అడిగితే చాలా?

పాతరేడియో
చాలదు. 8 అంగుళాల వాటిలోనే నాలుగు రకాల అంచులుంటాయి. పాత ఫోమ్ అంతా గీకేశాక కోన్ అడ్డం కొలవండి, తర్వాత ఇనుప చట్రం మీద జిగురు గీత ఉంటుంది చూడండి, దాని లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలవండి. రెండూ మిల్లీమీటర్లలో రాసి ఇక్కడ పెట్టండి. నా దగ్గర రెండు జతలు ఉన్నాయి, సరిపోతే పంపిస్తాను.

రాజమండ్రి_రాగం
కోన్ 162. చట్రం లోపల 186. ఎడమా కుడీ రెండూ అంతే.